గోడ మీద రెండు జంతువులు

"ఉన్నది ఉన్నట్టు గియ్యి. నీ సొంత తెలివి కలపకు" అని బైబిల్లోని ప్రకటన గ్రంథం తెరిచి చేతికిచ్చిన పాస్టరు, ఇప్పుడు చర్చి గోడ ముందు నిలబడి, బోర్డులు రాసే బావమరిది వైపు కోపంగా చూశాడు.

ఎడమవైపు క్రీస్తుకు గుర్తైన గొర్రెపిల్ల. రాసి ఉన్నట్టే ఏడు కొమ్ములు, ఏడు కళ్ళు, మెడ మీద కోసిన గాటు. దాన్ని చూసి పిల్లలు దడుచుకున్నారు. అప్పట్నుంచి తల్లులూ చర్చికి రావడం మానేశారు.

కుడివైపు అంత్యదినాల్లో భూమిలోంచి లేచే మృగం. దానికి మామూలు గొర్రెపిల్లకున్నట్టు రెండే కొమ్ములు. చూస్తే ముద్దొస్తోంది. వచ్చే నలుగురూ దాని ముందే మోకరిస్తున్నారు.

"అవన్నీ గుర్తులురా. కొమ్ములంటే బలం, కళ్ళంటే అంతా చూడటం."

"బలాన్నెలా గియ్యను బావా? కొమ్మైతే గియ్యగలను. చెరిపేసి మళ్ళీ మొదలెట్టమంటావా?"

పాస్టరు ఖాళీ బెంచీల వైపు చూశాడు.

"ఎందుకులే. బొమ్మల కింద పేర్లు ఇటుది అటు, అటుది ఇటు మార్చు. జనం ఎలాగూ ఆ కుడివైపుదానికే అలవాటు పడ్డారు."

బావమరిది పాత పేరు తుడిచి, మృగం కింద 'దేవుని గొర్రెపిల్ల' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

"ఇంతకీ బావా, ఆ మృగం వచ్చి చేసే పనేంటి?"

"ఏముంది, గొర్రెపిల్లలా కనపడి జనాన్ని మోసం చెయ్యడం" అన్నాడు పాస్టరు. "అక్షరాలు ఇంకాస్త పెద్దవి చెయ్యి. వెనక బెంచీలక్కూడా కనపడాలి."