అక్క తొడుగులు

పళ్ల డాక్టరు బల్ల మీద తల్లి స్టీలు డబ్బా మూత తీసింది. పెద్దకూతురి పళ్లను వరసలోకి తెచ్చిన ప్లాస్టిక్ తొడుగులన్నీ అందులో ఉన్నాయి. కడిగి, ఆరబెట్టి, నగల్లా దూదిలో దాచింది.

"చిన్నదానికి వీటితోనే కానిచ్చేయండి డాక్టరుగారూ. మళ్లీ కొత్తవి చేయించే స్తోమత మాకు లేదు. మీరు చూసినందుకు ఫీజు ఇచ్చుకుంటాం."

డాక్టరు నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు. "ఇవి పెద్దమ్మాయి నోటి కొలతకు చేసినవమ్మా."

"పెద్దదాని గౌన్లు, బూట్లు, పుస్తకాలు అన్నీ దీనికి సరిపోయాయి. పళ్లకేం వచ్చింది? ఇద్దరూ ఒక్క కడుపున పుట్టినవాళ్లే కదండీ."

"ఎవరి నోరు వాళ్లదే. ఇవి పెడితే బాగున్న పళ్లు కూడా పాడవుతాయి."

"పోనీ, పై వరసకన్నా పెట్టండి." తల్లి బేరంలోకి దిగింది.

డాక్టరు డబ్బా మూసేశాడు. "తీగ క్లిప్పులు వేద్దాం, ఖర్చు సగమే. అది కూడా నెలనెలా కట్టండి. కానీ కొలత మాత్రం ఈ పిల్లదే తీయాలి. ఒకరి కొలతకు చేసింది ఇంకొకరికి పెట్టకూడదు."

"అంతేనంటారా," అంటూనే తల్లి ఆ డబ్బాను భద్రంగా సంచిలో పెట్టుకుంది.

పక్క కుర్చీలో కూర్చున్న చిన్నకూతురు లేచింది. కళ్లజోడు తీసి, చేత్తో బల్ల అంచు తడిమి చూసుకుని, డాక్టరు ముందు పెట్టింది.

"ఇదీ అక్కదేనండీ. ఇందాకటి మాట అమ్మకు ఇంకోసారి చెప్పరూ?"