మోటారు దించిందెవరు?

“ఈ మోటారుని ఇంత కిందికి దించిన మహానుభావుడెవరు మావయ్యా?”

కోడలు పడవ వెనక ఇసుకలో బోర్లా పడుకుని అడిగింది. చేతిలో స్పానరు, చెంప మీద గ్రీజు మరక. ఆ రోజు రేవుకు సెలవు. పొద్దున్నే మావగారు, భర్త, తను ముగ్గురూ కలిసి పడవను ఒడ్డుకు లాగి దుంగల మీదికి ఎక్కించారు.

“ఎవరో అయ్యుంటారులేమ్మా,” అన్నాడు మావగారు, తాడు ముడి విప్పుతూ.

“ఇటొచ్చి చూడండి. నీళ్లలో తిరిగే ఫ్యాను పైన ఈ రేకుందా, ఇది పడవ అడుక్కి సమానంగా ఉండాలి. బెత్తెడు కిందికి దిగిపోయింది. ఇక ఇంజను ఎంత గింజుకుంటే మాత్రం ఏం లాభం? సగం బలం నీళ్లని ఈడ్చడానికే సరిపోతోంది.”

ఆయన వంగి చూసి, నిజమే సుమా అన్నట్టు తలూపాడు.

ఆ పడవను రేవులో అందరూ తాబేలు అంటారు. ఇన్నాళ్లూ నది దాటడానికి వేరే దిక్కులేక ఎక్కేవారు. ఈ మధ్య పక్క రేవులోకి ఎర్రరంగు పడవ ఒకటి కొత్తగా వచ్చింది. అది రివ్వున పోతుంది. ఉద్యోగాలకు పోయేవాళ్లంతా అటు మళ్లిపోయారు. తాబేలుకు మిగిలింది ఏ తొందరా లేని ముసలివాళ్లు, వాళ్ల మేకలు. ఇలాగైతే పడవ అమ్ముకోక తప్పదని అత్తగారికి నిద్ర పట్టడం లేదు.

కోడలు అవతలి ఒడ్డున పడవ మోటార్లు బాగుచేసే షెడ్డులో మెకానిక్కు. పెళ్లయి ఏడాది కాలేదు. పెళ్లికి ముందు కూడా రోజూ ఈ పడవలోనే పనికి వెళ్లేది, రోజూ ఆలస్యంగా చేరి యజమాని చేత చివాట్లు తినేది.

“నేను ఎక్కడం మొదలుపెట్టిన కొత్తలో బాగానే పోయేది కదండీ?” అంది భర్తతో.

భర్త గొంతు సవరించుకున్నాడు. మెడ రుద్దుకున్నాడు. అతనికి ఏ మాటైనా ఇలాగే మొదలవుతుంది. టికెట్లు చింపి ఇచ్చేటప్పుడు కూడా ప్రయాణికులతో పొడిపొడిగా ఒక నవ్వు తప్ప మాట ఉండదు.

“అదీ... బాగానే పోయేది. తర్వాతే ఏమైందో. మెకానిక్కుకి చూపిద్దామంటే నాన్న కసిరేవాడు. నువ్వు అడగ్గానే మాత్రం సరేనన్నాడు.”

“కోడలు కదరా మరి,” అన్నాడు తండ్రి.

కోడలు బోల్టులు విప్పింది. భర్త భుజం ఆనించి మోటారును పైకెత్తి పట్టుకున్నాడు. వెనక చెక్కకు పైన ఉన్న రంధ్రాల చుట్టూ పాత బోల్టుల గుర్తులు గుండ్రంగా కనిపించాయి.

“చూశారా! ఇది ముందు పైనే ఉండేది. ఎవడో కావాలనే దించాడు. పని తెలిసినవాడే. గ్రీజు పెట్టి మరీ బిగించాడు, దొంగ వెధవ!”

మావగారికి పొలమారింది. ఆమె మంచినీళ్ల సీసా అందించింది.

“ఆ ఎర్ర పడవ వాళ్లే...” అని భర్త మొదలుపెట్టాడు.

“అది వచ్చి ఎన్నాళ్లయిందిరా? నోర్మూసుకుని సరిగ్గా ఎత్తు,” అన్నాడు తండ్రి.

ఇంకాస్త వేగం వస్తుందేమోనని మొదట ఆ గుర్తులకు కూడా పైనున్న చివరి రంధ్రాల్లో బిగించి నీళ్లలోకి దించారు. ఇంజను గీపెట్టింది తప్ప పడవ కదల్లేదు. ఫ్యాను నీళ్లను వదిలేసి గాలిని పీలుస్తోంది. ఇంజనును చల్లబరిచి మోటారు పక్కనుంచి చిమ్మాల్సిన సన్నటి నీటిధార కూడా ఆగి ఆగి వస్తోంది.

“ఆపండి ఆపండి! ఎక్కువైంది. ఇలాగే నడిపితే ఇంజను కాలిపోతుంది.”

మళ్లీ ఒడ్డుకు వచ్చారు. ఈసారి ఒక్క రంధ్రం కిందికి దించి పాత గుర్తుల దగ్గరే బిగించింది. అత్తగారు కూడా వచ్చి పడవలో కూర్చుంది, మునిగితే అందరం కలిసే మునుగుదామంటూ.

మావగారు హ్యాండిల్ తిప్పాడు. పడవ ముక్కు ఒక్కసారి పైకి లేచి, మెల్లగా వాలి, నీళ్లమీద జారిపోసాగింది. కోడలు వెనక్కి వంగి చూసింది. రేకు నీటి పైపొరను ఒరుసుకుంటూ మెరుస్తోంది. పక్కనుంచి ధార తెగకుండా చిమ్ముతోంది.

“కుదిరింది!” అని అరిచింది.

గాలికి మావగారి టోపీ ఎగిరి అత్తగారి ఒళ్లో పడింది. ఎర్ర పడవను దాటుకుని తాబేలు దూసుకుపోతుంటే అందులోవాళ్లు లేచి నిలబడ్డారు. “తాబేలు! అరే, తాబేలు!” అని ఎవరో చప్పట్లు కొట్టారు. అత్తగారు వాళ్లకేసి మహారాణిలా చెయ్యి ఊపింది.

పడవ ముందువైపు కూర్చున్న భర్త భార్యకేసి తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. మెడ రుద్దుకున్నాడు.

“అదీ... నువ్వు ఇవాళ...”

పడవ అవతలి ఒడ్డు ఇసుకకు మెత్తగా తగిలింది.

“అప్పుడే వచ్చేశామా?” అన్నాడతను బిత్తరపోయి. అందరూ పగలబడి నవ్వారు. అత్తగారికి నవ్వుతో పాటు కళ్లనీళ్లు కూడా వచ్చాయి. ఇక పడవ అమ్మే మాట ఎత్తనంది.

కోడలు స్పానరు తుడుచుకుంటూ, “ఇంత చక్కటి పడవని పాడుచేసినవాడు ఒక్కసారి నా చేతికి చిక్కాలి, చెప్తాను వాడి పని!” అంది.

మావగారు ఇంజను ఆపాడు. టోపీ తీసుకుని తల మీద సర్దుకున్నాడు.

“చిక్కాడులేమ్మా. దించింది నేనే.”

“మీరా! ఎందుకు మావయ్యా?”

ఆయన కొడుకుకేసి ఒకసారి చూసి నవ్వాడు.

“మావాడు నీతో మాట్లాడదామని నోరు విప్పేసరికే ఒడ్డు వచ్చేసేదమ్మా.”