అగ్నికి ముఖం

“ఆ బొమ్మకు కూర్చోనంటే కూర్చోను,” అంది లైస్బెట్, చేప పొలుసు గీకుతున్న కత్తి పక్కన పెట్టి. “భూమి బొమ్మకు కూర్చున్న త్రైన్ మట్టిపెళ్లలు మీద విరిగిపడి చచ్చిపోయింది. నీటి బొమ్మకు కూర్చున్న పిల్ల ఏట్లో మునిగిపోయింది. గాలి బొమ్మకు కూర్చున్న అన్నా గాలిమర నిచ్చెన మీంచి పడి చచ్చింది. ఇప్పుడు అగ్నికి నా ముఖమా?”

“ఊళ్లో ఎవరు చచ్చినా మా బొమ్మల మీదకే నెడతావేం?” అన్నాడు ఆమె మొగుడు యోస్ట్.

అన్నాడే గానీ, అతనికీ లోపల భయంగానే ఉంది. ఆంట్వెర్ప్‌లో ఏ ఆడదీ అతను బొమ్మ గీసే చెక్కపలక ముందు కూర్చోవడానికి రానంటోంది. ఆ దేశం వాళ్ల లెక్కలో భూతాలు నాలుగే. ఆదివారం, బొమ్మలు పురమాయించిన ప్రభువుగారి మనిషి వచ్చేసరికి నాలుగోది లేకపోతే, ఇక యోస్ట్‌కు పని ఇచ్చేవాడుండడు. పెళ్లాన్ని పంపడం తప్పని తెలుసు. తెలిసే పంపుతున్నాడు.

తన వంతు పని ముగించేశాడు. చుట్టూ మంటలు, ఫిరంగులు, కవచాలు వేసి, మధ్యలో మనిషి పట్టేంత చోటు ఖాళీగా వదిలాడు. వస్తువులు వేయడం అతని పని, మనుషుల్ని వేయడం పక్కవీధి గిల్లిస్ పని. ఆ ఊరి చిత్రకారులు అలాగే పంచుకుంటారు. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టరు.

“నువ్వు వెళ్లకపోతే వీధిన పడతాం.”

లైస్బెట్ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. “నన్ను పంపాలనే ఉందా మీకు?”

“ఉంది.”

ఆమె తలగుడ్డ సర్దుకుని, పలక మోసే కూలీ వెంట గిల్లిస్ ఇంటికి వెళ్లింది.

శనివారం గిల్లిస్ ఆ పలకకు గుడ్డ కప్పి తెచ్చాడు. యోస్ట్ గుడ్డ తీశాడు. మంటల మధ్య అగ్నిదేవత లేదు. సుత్తి పట్టుకుని, అగ్నికి అధిపతైన కమ్మరి దేవుడు నిలబడి ఉన్నాడు. ఆ బట్టతల, ఆ వంకర ముక్కు, కనుబొమ మీది పులిపిరి అన్నీ యోస్ట్‌వే.

“ఇదేంటి గిల్లిస్? మా ఆవిడ కూర్చోలేదా?”

“ఎక్కడ? గుమ్మంలోనే నిలబడి చెప్పి వెళ్లింది. దేవత వద్దు, కమ్మరి దేవుణ్ణి వేయమన్నావటగా, నీ ముఖంతో. ఇన్నేళ్లుగా ఎదురుగా బీరు తాగుతున్న ముఖం, కళ్లు మూసుకున్నా వేస్తాను. ఏం, నచ్చలేదా?”

యోస్ట్ వెనక్కి తిరిగాడు. లైస్బెట్ పొయ్యిలోకి ఇంకో రెండు కట్టెలు ఎగదోసి, కుర్చీని దానికి దగ్గరగా జరిపింది.

“వణికిపోతున్నారు,” అంది ఆప్యాయంగా. “ఇలా వచ్చి మంట దగ్గర కూర్చోండి.”