జోస్యం డాక్టరు పందెం

“నెగటివ్,” అన్నాడు జోస్యం డాక్టరు.

ల్యాబు అక్క చేతిలోని గొట్టాన్ని స్టాండులో పెట్టి ఆయన మొహంలోకి చూసింది. “లక్షణాలు ఇంకోసారి చెప్పండి. నా చెవులో, మీ బుర్రో, ఏదో ఒకటి మొరాయించినట్టుంది.”

నరాల విభాగంలో ఆయనకా పేరు ఊరికే రాలేదు. కంటి నరాన్నీ వెన్నుపామునీ కలిపి దెబ్బతీసే జబ్బొకటుంది. దాని తాలూకు యాంటీబాడీ రక్తంలో ఉందో లేదో ఈ గదిలోనే తేలుస్తారు. ఉంటే జబ్బు మళ్లీ మళ్లీ విరుచుకుపడుతుంది, ఏళ్ల తరబడి మందులు తప్పవు. లేకపోతే ఒక్క దెబ్బతో వదిలేస్తుందన్న ఆశ కాస్త ఎక్కువ. లక్షణాలు చూసి ఫలితం ముందే చెప్పేయడం డాక్టరుగారి సరదా. ఓడినవాళ్లు టీ తాగించాలి. పన్నెండేళ్లుగా తాగిస్తున్నది ల్యాబు అక్కే. గొట్టాల మీద నంబర్లే ఉంటాయి కాబట్టి ఎవరి రక్తమో ఆమెకు తెలీదు. పేరు ఫలితం తేలాకే రాస్తారు. ఆ గదిలో మంచి వార్తలు తక్కువ, అందుకే ఆ పందెం ఇద్దరికీ అవసరమైంది.

“ఆడపిల్ల, ముప్పై ఒకటి,” అన్నాడాయన. “పదిరోజులు ఆగకుండా ఎక్కిళ్లు, వాంతులు. ఎవరో తెగ తలుచుకుంటున్నారని ఇంట్లో ఆటపట్టించారు.”

“ఆటపట్టించినవాళ్లని ఇలా పంపండి, లావుపాటి సూదితో రక్తం తీస్తాను.”

“తీయాల్సిందే. తర్వాత ఎడమ కన్ను మసకబారింది. పక్కనున్న మంచినీళ్ల గ్లాసు కనబడక పడేసింది. ఇప్పుడు కాళ్లు తిమ్మిరి. వెన్నుపాములో బెత్తెడు మచ్చ.”

“గ్లాసు సంగతి కూడా కేసు షీటులో రాశారా? ఇంత విన్నాక మా ఆయన కూడా పాజిటివ్ అంటాడు. ఆయనకి జలుబుకీ జ్వరానికీ తేడా తెలీదు.”

“నాది నెగటివే.”

“నామీద దయ తలిచారా, రిటైర్మెంటు దగ్గరపడి మతి తప్పిందా?”

“ముందు చూడు తల్లీ.”

ఆమె మైక్రోస్కోపు మీదకు వంగింది. యాంటీబాడీ ఉంటే పచ్చగా మెరుస్తుంది. మెరిసింది.

“పాజిటివ్. పాపం పిల్ల, మందులు ఇవాళే మొదలెట్టండి. తర్వాత క్యాంటీనుకి నడవండి, నాకు పెద్ద కప్పు.”

ఆయన తానూ వంగి చూశాడు. అవసరమైనదానికన్నా ఎక్కువసేపే చూశాడు. ఆమెకు నవ్వాగలేదు.

“ఎంతసేపు చూసినా రంగు మారదు డాక్టరుగారూ. పన్నెండేళ్లకు ఓడారు, ఒప్పుకోండి.”

“ఒప్పుకున్నాను.”

ఆమె హుషారుగా రిపోర్టు కాగితం ముందుకు లాక్కుని పెన్ను తీసింది. “పేరు చెప్పండి, రాస్తాను.”

“మా అమ్మాయి పేరు రాయమ్మా.”