ఐదో చాప ముందు నీళ్ళు

హాలు ఊడవాలి. చనిపోయినవాళ్ళు మళ్ళీ పుడతారని బౌద్ధులు చెప్పే ఆరు లోకాలకూ ఆరు చాపలు పరవాలి. ప్రేతలోకం చాప ముందు గ్లాసుతో నీళ్ళు పెట్టాలి. లైటు ఆర్పి, ఒక్కో చాప మీదా కూర్చుని ఆ లోకంలో పుట్టినట్టు ఊహించుకోవాలి. ఇదంతా అయ్యాకే ధ్యానం నేర్పుతానన్నారు గురువుగారు.

"పరీక్షకు చదివినట్టు బట్టీ పట్టకు నాయనా," అని నవ్వి, పడుకోవడానికి వెళ్ళారు.

నాకు కావలసింది ధ్యానం కాదు. పోయినేడు గొంతు జబ్బుతో పోయిన మా అక్క ఏ లోకంలో ఉందో తెలియాలి. కూలికి వెళ్ళి నన్ను చదివించింది అక్కే. చివర్లో చుక్క నీళ్ళు దిగకపోయినా, "ఇంత చదివావు, మింగించడం నేర్పలేదట్రా నీకు?" అని వెక్కిరించేది.

దేవతల, అసురుల, మనుషుల, జంతువుల చాపలు అయ్యాయి. ఏమీ అనిపించలేదు. ఐదో చాప మీద కూర్చున్నాను. ప్రేతలకు కొండంత కడుపు, సూదిబెజ్జమంత గొంతు అని చదివాను.

ఎదురుగా చీకట్లో ఎవరో గుటక వేయబోయిన చప్పుడు. గుటక పడలేదు. మళ్ళీ ప్రయత్నించారు.

తడిమి చూస్తే గ్లాసు నిండుగానే ఉంది.

భయం కంటే ముందు ఆత్రం కలిగింది. ఆస్పత్రిలో అక్క పెదవులు తడిపినట్టే, వేలు నీళ్ళలో ముంచి చీకట్లోకి చాచాను.

వేలు పొడిగా వెనక్కి వచ్చింది.

నరకం చాప ఇంకా మిగిలే ఉంది. నేను లేవలేదు. మళ్ళీ వేలు ముంచాను.

మీరు నీళ్ళు తాగేటప్పుడు మా అక్కను ఒక్కసారి తలుచుకోండి.