వెంటనే ప్రాణం పోయింది

డివిజన్ చరిత్రలో ఎవరూ నెమ్మదిగా చావకూడదు.

ఇది ఎక్కడా రాసుకున్న నియమం కాదు. యుద్ధం ముగిసిన పద్దెనిమిదేళ్ళకు, బతికి వచ్చిన కొద్దిమంది కలిసి తమ సైనిక డివిజన్ చరిత్రను పుస్తకంగా వేద్దామనుకున్నప్పుడు, నోరు విప్పకుండానే అందరూ ఒప్పుకున్న సంగతి. చనిపోయినవాడి భార్య ఆయన ఫొటో ముందు అగరొత్తి వెలిగించి, ఆ పేజీ పైకి చదువుకోగలగాలి. అందుకని ఆకలితో ఎవరూ పోలేదు. పుండు కుళ్ళి ఎవరూ పోలేదు. అందరికీ తలలోనో గుండెలోనో తగిలింది. అందరికీ వెంటనే ప్రాణం పోయింది.

ఆ పుస్తకం రాసే పని మీద వేసుకున్న మితరాయ్ ఆ వాక్యాన్ని రెండు వందల సార్లకు పైగా రాశాడు. చెయ్యి ఎప్పుడూ ఆగలేదు.

ఈ ఒక్క పేరు దగ్గర మాత్రం వారం రోజులుగా ఆగిపోయింది. కకీఉచి. ఆ చావు మితరాయ్‌కి ఎవరో చెప్పింది కాదు.

దీవిలో వెనక్కి తగ్గమని ఆజ్ఞ వచ్చిన రోజు వాన పడుతోంది. నడవలేనివాళ్ళను గుహలో వదిలి, శత్రువుకు చిక్కకుండా తమను తాము పేల్చుకోవడానికి తలా ఒక చేతిబాంబు ఇచ్చి రమ్మన్నారు. కకీఉచికి తొడ ఎముక విరిగింది. మూడేళ్ళు ఒకే డబ్బాలో అన్నం పంచుకున్నవాడు. మితరాయ్ అతని కుడిచేతిలో బాంబు పెట్టాడు. కకీఉచి ఎడమచేత్తో మితరాయ్ పిక్కకు చుట్టిన గుడ్డపట్టీ పట్టుకున్నాడు.

"ఎత్తుకోలేకపోతే ఈడ్చుకుపోరా. ఏమీ అనుకోను."

"నీళ్ళు తెస్తానుండు," అన్నాడు మితరాయ్. ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పాడు. బొటనవేలు ఆఖరున వదిలింది.

వెనక పేలిన చప్పుడేదీ వినిపించలేదు. వాన హోరులో కలిసిపోయి ఉంటుందని ఆ రోజే అనుకున్నాడు. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాడు.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒనిజుకా వచ్చాడు. ఒకప్పటి సార్జెంటు, ఇప్పుడు కింద సోయా సాస్ కొట్టు యజమాని. ఈ గది అతనిదే.

"ఇంకా ఆ గుహలోనే ఉన్నావటయ్యా? రేపు పొద్దున ప్రెస్సువాడు వస్తాడు. బయటికి రా నాయనా!"

"సార్జెంటు గారూ, శత్రువులకు దొరికిపోయినవాళ్ళ గురించి ఒక పేజీ ఉండొద్దూ?"

"మన డివిజన్‌లో దొరికినవాడెవడు? ఒకవేళ ఉన్నా ఊళ్ళోకొచ్చి మొహం చూపిస్తాడా? పేరు మార్చుకుని ఎక్కడో సైకిళ్ళకు పంక్చర్లు వేసుకుంటూ ఉంటాడు." కిటికీలోంచి వంగి చూశాడు. "అదిగో, కకీఉచి పెళ్ళాం. మూడోసారి! ఒసాకా నుంచి ఇంత దూరం ఊరికే వస్తుందంటావా? నీ మీద మనసు పడిందేమో, కాస్త గడ్డం గీసుకో."

నవ్వుకుంటూ దిగిపోయాడు.

తొమియో వచ్చి చాప మీద కూర్చుంది. నారింజల మూట ముందుకు జరిపింది. మొదటిసారి వచ్చినప్పుడు కకీఉచికి నుదుట గుండు తగిలిందని ఆమెతో చెప్పాడు. రెండోసారి ఫిరంగి గుండు ముక్క అన్నాడు. తేడా వచ్చిందని అతనికి ఆ తర్వాత తట్టింది. ఆమె మాత్రం ఏమీ అనలేదు.

"మళ్ళీ వచ్చాను, ఏమనుకోకండి. రేపు అచ్చుకు వెళ్తుందని ఉత్తరం రాశారు కదా."

"అవునమ్మా."

"అచ్చులో పడ్డాక ఇక మారదు. అందుకే ఇంకొక్కసారి అడుగుదామని. మా ఆయన ఎలా పోయారండీ?"

మితరాయ్ ఆమె చేతులకేసి చూశాడు. ఒకదానిమీద ఒకటి పెట్టుకుని ఉన్నాయి. వాటికి తొందర లేదు. చెప్పేస్తే ఏమవుతుంది? ఏడుస్తుంది. చెంప మీద కొడుతుంది. కొడితే బావుండును. లోకంలో ఒక్కరికి, ఈ ఒక్కమనిషికి చెప్పగలిగితే, పద్దెనిమిదేళ్ళ తర్వాత తను ఆ గుహలోంచి నిలబడి నడిచి బయటికి రావచ్చు. ఆ సంగతి తెలుసు. రేపటి తర్వాత రాలేడనీ తెలుసు.

"మీరేం చెప్పినా వింటాను," అంది తొమియో. "ఏడవను. ఏడవడానికి రాలేదు."



"ఆ రోజు వాన పడుతోంది," అన్నాడు.

"ఊఁ."

"గుహలో... నేనూ అతనూ..."

"చెప్పండి."

పిక్క మీద ఆనాటి వేళ్ళు బిగుసుకున్నాయి. ఐదూ. ఇంకొక్క మాట వస్తే చాలు. కింద కొట్లో ఒనిజుకా ఎవరితోనో బేరమాడుతూ గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకు మితరాయ్ కలం చేతిలోకి తీసుకున్నాడు.

"ఛాతీలో తగిలిందమ్మా. వెంటనే ప్రాణం పోయింది. కళ్ళు నేనే మూశాను."



"నీళ్ళు అడిగారా?"

మితరాయ్ ఉలిక్కిపడి తలెత్తాడు. "లేదు. అడిగే వ్యవధే లేదు."

"నొప్పి?"

"తెలియలేదు."

తొమియో అతని మొహంలోకి చాలాసేపు చూసింది. కోపంగా కాదు. డాక్టరు ఇక లాభం లేదని చెప్పిన రోగి వంక చూసినట్టు. తర్వాత చాపకు తల ఆనించి నమస్కరించింది.

"మీరు వేళకు తింటున్నట్టు లేదు. నారింజలు తీయగానే ఉన్నాయి," అని లేచింది.

ఆమె మెట్లు దిగేలోపే మితరాయ్ ఆ వాక్యం రాసేశాడు. సిరా ఆరేదాకా ఊదాడు. తేలిక పడతాననుకున్నాడు. గది నాలుగు గోడలూ ఒక్కో అడుగు దగ్గరికి జరిగినట్టయింది.

తొమియో వీధి దాటింది. బస్సు కోసం బల్ల మీద కూర్చున్న ఒంటికాలి మనిషి చంకకర్రలు పక్కకు తీసి ఆమెకు చోటిస్తూ, "ఈసారి నేనెలా పోయానన్నాడు?" అని అడిగాడు.