బియ్యం డబ్బాలో కార్డు

"గీ కార్డు నీకెక్కడ దొరికింది అవ్వా?"

కహ్కషాన్ గేటు తీయలేదు, ఊచల సందులోంచే అడిగింది. బయట నిలబడిన ముసలామె ముసుగు ముఖం మీదికి లాక్కుని ఉంది. కార్డును ఎడమ చేత్తో లోపలికి అందించింది.

"మా ఇంట్ల. బియ్యం డబ్బాల."

ఆ మాటతోనే కహ్కషాన్‌కు మనిషెవరో తెలిసిపోయింది. నెల్లికుదురు దగ్గరి తండా నుంచి తొమ్మిది రోజుల క్రితం విరిగిన మణికట్టుతో, నాలుగేళ్ల కూతురితో పారిపోయి వచ్చిన కళావతికి అత్త. పేరు రామి. కళావతి చెయ్యి విరగ్గొట్టిన జైపాల్‌ను కన్న తల్లి.

మహబూబాబాద్‌లో మొగుళ్ల దెబ్బలకు తాళలేక వచ్చిన ఆడవాళ్లకూ వాళ్ల పిల్లలకూ చోటిచ్చే గృహం అది. కహ్కషాన్ అక్కడ పదకొండేళ్లుగా పనిచేస్తోంది. ఊళ్లలో తిరిగి, ఆపదలో ఉన్నవాళ్ల చేతిలో గృహం చిరునామా, నంబరు ఉన్న కార్డు ఒకటి గుట్టుగా పెట్టి, నంబరు నోటికి రాగానే చించెయ్యమని చెప్పడం ఆమె పద్ధతి. ఆ కార్డు ఇంట్లోవాళ్ల కంట పడితే ఇంకేమన్నా ఉందా? కళావతి మాత్రం చించలేదు. బియ్యం డబ్బాలో పెట్టి వచ్చానని మొదటి రోజే తనంతట తాను చెప్పింది. కహ్కషాన్ ఇంతెత్తున లేచింది. బుద్ధుందా అంది, అందరి ప్రాణాల మీదికీ తెస్తావా అంది. కళావతి ఏదో చెప్పబోతే నోరు మూయించింది. కహ్కషాన్ మంచి మనిషే, కానీ కోపం వస్తే ఎదుటివాళ్ల మాట చెవికెక్కదు.

ఆ కోపానికో కారణం ఉంది. నిరుడు, ఇక్కడ తలదాచుకున్న జహీరా బేగం అత్త ఖిచిడీ డబ్బా పట్టుకొచ్చి ఇదే గేటు దగ్గర వెక్కి వెక్కి ఏడ్చింది. జాలిపడి లోపలికి రానిచ్చింది కహ్కషానే. జహీరా దవాఖానకు ఎప్పుడు పోతుందో ఆ అత్త మెల్లగా కనుక్కుని పోయింది. మర్నాడు కొడుకు దారి కాశాడు. జహీరాకు ఒక కన్ను పోయింది. ఇప్పటికీ ఖిచిడీ వాసన తగిలితే కహ్కషాన్‌కు ముద్ద దిగదు.

"కళావతి అనేటోళ్లు ఎవ్వలు లేరీడ. పో అవ్వా."

రామి కదల్లేదు. కళావతి ఏదని అడగనూ లేదు. జర లోపలికి రానియ్యి, లోపలైతే చెప్తానంది. చెప్పేదేదో అక్కడి నుంచే చెప్పమంది కహ్కషాన్. ముసలామె వెనక్కి తిరిగి రోడ్డంతా ఒకసారి చూసి, గేటు స్తంభం చాటుకు జరిగి కూర్చుంది.

అసలు భయమేమిటంటే, కళావతి అప్పుడు లోపల లేదు. తోటి ఉద్యోగి రూతు ఆమెనూ పాపనూ కట్టు చూపించడానికి దవాఖానకు తీసుకుపోయింది. ఏ నిమిషంలోనైనా ఈ ముసలామె కళ్లెదుటే ఆటో దిగొచ్చు. కహ్కషాన్ లోపలికి పరుగెత్తి రూతుకు ఫోన్ చేసింది. ఇటు రావద్దు, అటునుంచి అటే జనగామలో ఉన్న ఇంకో గృహానికి తీసుకుపొమ్మంది. అత్త వచ్చిందని కళావతికి చెప్పొద్దు, పాపం బెదిరిపోతుందని కూడా అంది.

తిరిగొచ్చేసరికి రామి ప్రహరీ గోడ ఎత్తు చూస్తోంది.

"రాత్రిపూట గేటుకు తాళమేస్తరా బిడ్డా?"

"నీకెందుకు?"

"మొగోళ్లు గోడ దుంకి రాలేరు గద?"

కహ్కషాన్‌కు ఒళ్లు మండిపోయింది. అయినా ఎండ మాడ్చేస్తోంది, ముసలి ప్రాణం. నీళ్లడిగితే ఊచల్లోంచి గ్లాసు అందించింది. రామి ఎడమ చేత్తోనే తాగింది. కుడి చెయ్యి వచ్చినప్పటినుంచీ ముసుగు కిందే ఉంది. అందులో కత్తి ఉందో, ఫోన్ ఉందో! పోలీసులను పిలుస్తానని బెదిరించి చూసింది కహ్కషాన్. పిలువు బిడ్డా అని నెమ్మదిగా అని, ముసలామె మళ్లీ రోడ్డు వైపు చూసింది.

ఇక ఓపిక పట్టడం కహ్కషాన్ వల్ల కాలేదు. ఫైలులో జైపాల్ నంబరుంది. మొదటి రోజే పోలీసులు వాణ్ని ఇక్కడికి పిలిచి హెచ్చరించారు కాబట్టి చోటు వాడికి కొత్త కాదు. కేసులో ఉన్నవాడికి సొంతంగా ఫోన్ చేయకూడదని ఆమెకు బాగా తెలుసు. తెలిసే చేసింది. కళావతి ఈపాటికి జనగామ దారిలో ఉంటుంది, భయమేముంది? ఆరా తీయడానికి ముసలి తల్లిని పంపిస్తావా, వచ్చి తీసుకుపోతావా లేక ఆమె పేరు కూడా కేసులో ఎక్కించమంటావా అని దులిపేసింది.

జైపాల్ ఎదురు మాట్లాడలేదు. ఎంతో మర్యాదగా చెప్పాడు.

"ఈడనే, బస్టాండ్ కాడ ఉన్న మేడం. మా అవ్వను ఎటూ పోనియ్యకుండ్రి. ఇప్పుడే వస్త."

బస్టాండు దగ్గరే ఉన్నాడట! తన అనుమానం నిజమైనందుకు కహ్కషాన్‌కు కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఈసారి మోసపోలేదు. జహీరాకు జరిగింది కళావతికి జరగనివ్వలేదు. నింపాదిగా గేటు దగ్గరికి వచ్చింది.

"లే అవ్వా. నీ కొడుక్కు ఫోన్ చేసిన. తీస్కపోనీకె వస్తున్నడు."

రామి చేతిలోంచి గ్లాసు జారి పడింది. లేచి రోడ్డు వైపు పోలేదు. ఇంకా గేటుకు దగ్గరగా జరిగి, ఊచల్లోంచి ఎడమ చెయ్యి చాచి కహ్కషాన్ చున్నీ గట్టిగా పట్టుకుంది. ముసుగు జారింది. కుడి చేతిలో కత్తీ లేదు, ఫోనూ లేదు; మణికట్టు విరిగి, వాచి వేలాడుతోంది. మలుపు దగ్గర మోటార్ సైకిల్ చప్పుడు వినబడింది.

"కార్డు కళావతి నా కోసమే పెట్టిపోయింది బిడ్డా."